హార్డ్‌వేర్ అమరికను సాఫ్ట్‌వేర్ ఎలా గుర్తించాలి, తప్పుడు వివరాలు అందితే ఏం చేయాలి

యంత్రంలో ఎన్ని ప్రాసెసర్లు ఉన్నాయని ప్రోగ్రామ్ అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ 32 అని ఒక్క సంఖ్య చెప్పి ఊరుకుంటుంది. ఆ 32 ఒకే చిప్‌లోని 32 కోర్లు కావచ్చు, రెండేసి హార్డ్‌వేర్ త్రెడ్లున్న 16 కోర్లు కావచ్చు, లేదా రెండు సాకెట్లలో (బోర్డు మీద చిప్‌ను అమర్చే చోట్లలో) పదహారేసి కోర్లుగా విడిపోయి, ఒక్కో సాకెట్‌కు తన సొంత మెమరీ ఉన్న యంత్రమూ కావచ్చు. పనిని ముక్కలు చేసి ఒక్కో త్రెడ్‌ను ఒక్కో చోట కూర్చోబెట్టే ప్రోగ్రామ్‌కు ఈ మూడూ ఒకటి కావు. ఏ కోర్ ఏ క్యాష్‌ను (చిప్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీని) ఎవరితో పంచుకుంటుంది, ఏ మెమరీ ఏ కోర్లకు దగ్గర, నెట్‌వర్క్ కార్డు ఏ సాకెట్ వైపు ఉంది అనే వివరాలన్నీ కలిపితే వచ్చే చిత్రాన్నే టోపాలజీ అంటారు.

ఈ చిత్రం తప్పితే వచ్చే నష్టం చాలాసార్లు కంటికి కనబడదు. ప్రోగ్రామ్ ఆగిపోదు, ఫలితం తప్పదు. రెండు త్రెడ్లు తెలియకుండా ఒకే కోర్ మీద చేరి, పక్క కోర్ ఖాళీగా ఉండిపోతుంది. లేదా డేటా ఒక సాకెట్ మెమరీలో, దాన్ని చదివే త్రెడ్ మరొక సాకెట్‌లో ఉండి, ప్రతి చదువుకూ దూర ప్రయాణం తప్పదు. వేగం తగ్గిందని గమనించినవారు కూడా తమ అల్గారిథమ్‌నే అనుమానిస్తారు కానీ యంత్రం తన గురించి తానే తప్పు చెప్పిందని అనుకోరు.

అందుకే ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ రాసేవారు ముందుగా ఒక దృక్పథం అలవరచుకోవాలి. హార్డ్‌వేర్ వివరం ఏదైనా సాక్షి చెప్పిన మాట లాంటిది. చిప్ ఒక మాట చెబుతుంది, ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటి, యంత్రాన్ని లేపే సాఫ్ట్‌వేర్) పట్టికల్లో మరొకటి రాస్తుంది, కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కీలక భాగం) ఆ రెంటినీ విని తన భాష్యం చెబుతుంది. ఒక సాక్షి మాటను మరొక సాక్షి మాటతో సరిచూసి, పొసగనిదాన్ని పక్కన పెట్టి, మిగిలినదానితో పని నడిపించడమే ఈ వ్యాసంలో వివరించే పద్ధతి. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ నుంచి తీసుకుంటున్నాను, ఎందుకంటే అక్కడ ఈ వివరాలన్నీ మామూలు ఫైళ్ల రూపంలో ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

ముందు కంటితో చూడండి

కోడ్ రాయడానికి ముందు మీ చేతిలోని యంత్రం ఏమంటోందో చూడాలి. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్‌ను మైనస్ ఈ ఆప్షన్‌తో నడిపితే ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌కు, అంటే ఒక్కో హార్డ్‌వేర్ త్రెడ్‌కు, ఒక్కో వరుస వస్తుంది. అందులో నోడ్ (ఒక మెమరీ భాగం, దానికి దగ్గరగా ఉన్న కోర్లు కలిసిన గుంపు), సాకెట్, కోర్, క్యాష్ సంఖ్యలు పక్కపక్కనే ఉంటాయి. మెమరీ వైపు వివరాలు న్యూమా సీటీఎల్ కమాండ్‌కు హార్డ్‌వేర్ అనే ఆప్షన్ ఇస్తే తెలుస్తాయి (న్యూమా అంటే ఒక్కో కోర్‌కు కొంత మెమరీ దగ్గరగా, కొంత దూరంగా ఉండే అమరిక). ఈ రెంటినీ కలిపి బొమ్మగా చూడాలంటే హెచ్‌డబ్ల్యూలాక్ ప్యాకేజీలోని ఎల్‌ఎస్‌టోపో కంటే మంచి సాధనం నాకు తెలియదు. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో మొదలై, ఓపెన్ ఎంపీఐ ప్రాజెక్టులో భాగంగా పెరిగిన ఈ లైబ్రరీ, ప్యాకేజీ (ఒక సాకెట్‌లో కూర్చునే మొత్తం చిప్), క్యాష్, కోర్, త్రెడ్ అనే వస్తువులను ఒక చెట్టుగా పేర్చి చూపిస్తుంది.

ఈ సాధనాలు చదివే మూలం సిస్ అనే ఫైల్ వ్యవస్థ. ప్రతి ప్రాసెసర్ ఫోల్డర్‌లో టోపాలజీ, క్యాష్ అనే ఉపఫోల్డర్లు ఉంటాయి. మొదటిదాంట్లో కోర్ ఐడీ, ఫిజికల్ ప్యాకేజ్ ఐడీ వంటివి ఉంటాయి. రెండోదాంట్లో ఒక్కో క్యాష్ స్థాయి, పరిమాణం, దాన్ని పంచుకునే ప్రాసెసర్ల జాబితా ఉంటాయి. మెమరీ నోడ్లకు వేరే ఫోల్డర్ ఉంది. నెట్‌వర్క్ కార్డు వంటి పీసీఐ కార్డు ఒక్కొక్కదాని ఫోల్డర్‌లో న్యూమా నోడ్ అనే ఫైలు ఉంటుంది.

ఇక్కడ కొత్తవారు తరచూ చేసే మూడు పొరపాట్లను ముందే చెప్పడం మంచిది. మొదటిది, కోర్ ఐడీ యంత్రమంతటికీ ప్రత్యేకమైనదని అనుకోవడం. అది ప్యాకేజీ లోపల మాత్రమే ప్రత్యేకం. రెండు సాకెట్లలోనూ 0వ కోర్ ఉండవచ్చు. కాబట్టి కోర్లను లెక్కించేటప్పుడు ప్యాకేజీ, కోర్ సంఖ్యలను జంటగా తీసుకోవాలి, డై (ప్యాకేజీ లోపలి సిలికాన్ ముక్క) సంఖ్య కూడా ఉంటే దాన్నీ కలపాలి. రెండోది, సంఖ్యలు వరుసగా ఉంటాయని నమ్మడం. ఆరు కోర్ల చిప్‌లో కోర్ ఐడీలు మధ్యలో ఖాళీలతో రావచ్చు, ఆపివేసిన ప్రాసెసర్ల వల్ల కూడా ఖాళీలు ఏర్పడతాయి. మూడోది, పక్కపక్క సంఖ్యలున్న ప్రాసెసర్లు పక్కపక్కనే ఉంటాయని భావించడం. కొన్ని యంత్రాలలో 0, 1 సంఖ్యలు ఒకే కోర్‌లోని రెండు త్రెడ్లు. మరికొన్నిటిలో అవి రెండు వేర్వేరు సాకెట్లు. ఇంకొన్నిటిలో మొదటి సగం సంఖ్యలు అన్ని కోర్ల మొదటి త్రెడ్లకు, రెండో సగం వాటి జంట త్రెడ్లకు ఉంటాయి. సంఖ్యను చూసి స్థానాన్ని ఊహించిన కోడ్ ఒక యంత్రంలో అద్భుతంగా నడిచి మరొక యంత్రంలో చతికిలబడటానికి చాలాసార్లు ఇదే కారణం.

చిప్ స్వయంగా చెప్పే మాట

ఇంటెల్, ఏఎమ్‌డీ తయారుచేసే ఎక్స్86 ప్రాసెసర్లలో సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఉంది. ఒక లీఫ్ సంఖ్య (ఏ వివరం కావాలో చెప్పే సంఖ్య) ఇచ్చి దాన్ని నడిపితే నాలుగు రిజిస్టర్లలో జవాబు వస్తుంది. ఇంటెల్ చిప్‌లలో 4వ లీఫ్ క్యాష్ వివరాలను, 11వ లీఫ్ త్రెడ్, కోర్ విభజనను చెబుతాయి. డై, టైల్ వంటి మధ్య స్థాయిలు కూడా ఉన్న కొత్త చిప్‌లలో 31వ లీఫ్‌ను ముందు అడిగి, అది లేకపోతే 11కు రావాలి. ఏఎమ్‌డీ తన విస్తరణ శ్రేణిలో వేరే లీఫ్‌లను వాడుతుంది. ఈ లీఫ్ సంఖ్యలను నేను దశాంశంలో రాశాను. తయారీదారుల పుస్తకాలలో అవి హెక్సాడెసిమల్‌లో కనిపిస్తాయి.

ఈ లెక్కకు మూలం ఏపీఐసీ ఐడీ అనే గుర్తింపు సంఖ్య. ప్రతి లాజికల్ ప్రాసెసర్‌కూ ఒకటి ఉంటుంది. అందులోని కింది బిట్లు త్రెడ్‌ను, మధ్య బిట్లు కోర్‌ను, పై బిట్లు ప్యాకేజీని సూచిస్తాయి. ఎన్ని బిట్ల తర్వాత ఏ విభాగం మొదలవుతుందో లీఫ్ చెబుతుంది. ఒక ప్రాసెసర్ ఐడీ 27 అనుకుందాం, త్రెడ్‌కు ఒక బిట్, త్రెడ్, కోర్ రెంటికీ కలిపి నాలుగు బిట్లు అని లీఫ్ చెప్పిందనుకుందాం. 27 ద్విసంఖ్యలో 11011. చివరి బిట్ 1, కాబట్టి ఇది 1వ త్రెడ్. దానికి ఎడమనున్న మూడు బిట్లు 101, అంటే 5వ కోర్. మిగిలిన పై బిట్ 1, అంటే 1వ ప్యాకేజీ. ఆరు కోర్ల చిప్‌కైనా కోర్ విభాగానికి మూడు బిట్లే కేటాయించాలి కాబట్టి ఎనిమిది స్థానాలలో రెండు వాడకుండా మిగిలిపోతాయి. పైన చెప్పిన ఖాళీలకు ఒక కారణం ఇదే.

పాత కోడ్‌లో మరొక తప్పు కనిపిస్తుంది. 1వ లీఫ్‌లోనూ 4వ లీఫ్‌లోనూ వచ్చే ప్రాసెసర్ల సంఖ్య, కోర్ల సంఖ్య నిజమైన లెక్కలు కావు, అవి ఐడీలకు కేటాయించగల గరిష్ఠ స్థానాల లెక్కలు. వాటిని ఉన్నవాటి సంఖ్యగా చదివితే లేని కోర్లు పుట్టుకొస్తాయి. అలాగే 1వ లీఫ్‌లోని హైపర్‌త్రెడింగ్ (ఒకే కోర్ మీద రెండు త్రెడ్లు నడిపే ఏర్పాటు) బిట్ వెలిగి ఉన్నంత మాత్రాన హైపర్‌త్రెడింగ్ పని చేస్తున్నట్టు కాదు.

ఈ ఇన్‌స్ట్రక్షన్ అది నడిచిన ప్రాసెసర్ గురించే మాట్లాడుతుంది. అందువల్ల ప్రోగ్రామ్ తనను తాను ఒక్కో ప్రాసెసర్‌కు కట్టుకొని (అంటే ఆ ప్రాసెసర్ మీదే నడిచేలా చేసుకొని), ఒక్కో చోటా అడిగి, చివరికి మొదట ఉన్న కట్టుబాటును తిరిగి నిలబెట్టాలి. మొదటి ప్రాసెసర్ జవాబును అందరికీ వర్తింపజేసే అడ్డదారి ఒకప్పుడు పని చేసేది. 2021లో ఇంటెల్ ఆల్డర్ లేక్ చిప్‌లు వచ్చాక ఆ అడ్డదారి మూసుకుపోయింది. అందులో 12900కే మోడల్‌ను తీసుకుంటే ఎనిమిది పెద్ద కోర్లకు రెండేసి త్రెడ్లు, ఎనిమిది చిన్న కోర్లకు ఒక్కొక్కటే ఉండి, మొత్తం 24 త్రెడ్లు అవుతాయి. 24ను 16తో భాగించి కోర్‌కు ఒకటిన్నర త్రెడ్ అని తేల్చే కోడ్ పూర్ణాంకాల భాగహారంలో ఒకటి అని నిర్ణయించి, ఆ తర్వాత వేసే ప్రతి అడుగూ తప్పుతుంది. చిన్న కోర్లు నాలుగేసి కలిసి ఒక ఎల్2 క్యాష్‌ను పంచుకుంటాయి, పెద్ద కోర్‌కు ఎల్2 సొంతం. కాబట్టి అన్ని కోర్లూ ఒక్కలాంటివే అనే ఊహను కోడ్‌లో ఎక్కడా నాటకూడదు.

ఫర్మ్‌వేర్ చెప్పే మాట

మెమరీ దూరాల గురించి చిప్‌కు తెలిసినది తక్కువ. ఆ వివరం ఏసీపీఐ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు హార్డ్‌వేర్ వివరాలు అందించే ప్రమాణం) పట్టికలలో ఫర్మ్‌వేర్ రాసిపెడుతుంది. ఎస్‌ఆర్‌ఏటీ అనే పట్టిక ఏ ప్రాసెసర్, ఏ మెమరీ భాగం ఏ సామీప్య మండలానికి (కెర్నెల్ నోడ్‌గా చూపేదానికి) చెందుతాయో చెబుతుంది. ఎస్‌ఎల్‌ఐటీ ఆ మండలాల మధ్య దూరాలను గడుల రూపంలో ఇస్తుంది. తన మెమరీ తనకు ఎప్పుడూ 10 దూరంలో ఉన్నట్టు లెక్క, 255 అంటే చేరలేని చోటు. హెచ్‌ఎమ్‌ఏటీ ఆలస్యాన్ని, బ్యాండ్‌విడ్త్‌ను ఇంకొంచెం వివరంగా చెబుతుంది. ఆర్మ్ సర్వర్లలో కోర్లు, క్యాష్‌ల అమరిక కోసం పీపీటీటీ అనే పట్టిక ఉంది. చిన్న ఆర్మ్ బోర్డులు డివైస్ ట్రీ అనే హార్డ్‌వేర్ వివరణను వాడతాయి.

ఈ పట్టికలను రాసేది మనుషులు, అదీ ఒక బోర్డు నమూనాను మరొకదాని నుంచి నకలు తీస్తూ. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. దూరాల పట్టికలోని సంఖ్యలను చాలాచోట్ల కొలిచి రాయరు, ఆనవాయితీగా నింపుతారు. దూరం 20 అని ఉంటే ఆలస్యం సరిగ్గా రెట్టింపు అని లెక్క కట్టడం అమాయకత్వమే. దగ్గర, దూరం అనే క్రమం వరకే దాన్ని నమ్మడం క్షేమం.

లినక్స్ కెర్నెల్ ఈ పట్టికలను ఎలా అనుమానిస్తుందో చూడటం మంచి పాఠం. దూరాల పట్టికలో ఒక మండలం తనకు తాను 10 కాని దూరంలో ఉన్నా, వేరొక మండలం 10 లేదా అంతకంటే తక్కువ దూరంలో ఉన్నట్టు కనిపించినా, పట్టిక చెల్లనట్టుగా ఉందని సందేశం రాసి దాన్ని పూర్తిగా వదిలేస్తుంది. మండలాల పట్టికే లేకపోతే మొత్తం మెమరీని ఒకే నోడ్‌గా కల్పించుకొని ముందుకు సాగుతుంది. కార్డు ఏ నోడ్ పక్కన ఉందో ఫర్మ్‌వేర్ చెప్పకపోతే పీసీఐ ఫోల్డర్‌లోని న్యూమా నోడ్ ఫైలులో మైనస్ 1 కనిపిస్తుంది. ఆ మైనస్ 1కు తెలియదు అని అర్థం. దాన్ని సున్నాగా మార్చుకునే ప్రోగ్రామ్ అజ్ఞానాన్ని అబద్ధంగా మారుస్తోంది. నేరుగా అర్రే సూచికగా వాడే ప్రోగ్రామ్ గతి చెప్పనక్కరలేదు.

వర్చువల్ యంత్రాలు, కంటైనర్లు

వర్చువల్ యంత్రంలో అమరిక మొత్తం హైపర్‌వైజర్ (వర్చువల్ యంత్రాలను నడిపే సాఫ్ట్‌వేర్) అల్లిన కథ. వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఈఎమ్‌యూ సాఫ్ట్‌వేర్ 6.2 సంచికకు ముందు, వివరం ఇవ్వకుండా ఎనిమిది ప్రాసెసర్లు అడిగితే ఎనిమిది సాకెట్లుగా చూపించేది. నిజ యంత్రంతో పోలిక లేని అలాంటి చిత్రాన్ని చూసి సాకెట్‌కు ఒక ప్రాసెస్ చొప్పున మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్ ఎనిమిది మొదలుపెడుతుంది. పైగా వర్చువల్ ప్రాసెసర్లను నిజమైన కోర్లకు కట్టకపోతే, సీపీయూఐడీ ఈ క్షణం చెప్పిన మాట మరుక్షణానికి అన్వయించదు. హైపర్‌వైజర్ కింద ఉన్నామని తెలిస్తే, అక్కడి అమరికను ఒక సలహాగా మాత్రమే తీసుకోవడం మేలు.

కంటైనర్ (అదే కెర్నెల్ మీద ప్రోగ్రామ్‌ను విడిగా నడిపే ఏర్పాటు) కథ వేరు. అక్కడ అమరిక నిజమే కానీ అదంతా మనది కాదు. ప్రాక్ అనే మరో ఫైల్ వ్యవస్థ కింద ఉండే సీపీయూఇన్ఫో ఫైలు యంత్రంలోని ప్రాసెసర్లన్నిటినీ చూపిస్తుంది; మనకు అనుమతించినవి మాత్రం నాలుగే కావచ్చు. అందువల్ల ఏ ప్రాసెసర్ల మీద నడవడానికి అనుమతి ఉందో చెప్పే షెడ్ గెట్ అఫినిటీ కాల్ ఇచ్చే జాబితానే ప్రమాణంగా పెట్టుకొని, దానికి బయట ఉన్న ప్రాసెసర్లను చిత్రంలో ఉంచినా పనికి వాడకూడదు. పైథాన్‌లో సీపీయూ కౌంట్ ఫంక్షన్ మొత్తాన్ని చెబుతుంది, అనుమతించినది తెలియాలంటే అఫినిటీని అడగాలి. సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపుకు వనరుల హద్దు పెట్టే లినక్స్ ఏర్పాటు) కోటా రూపంలో సమయానికి పరిమితి ఉంటే అది ఈ జాబితాలో కూడా కనిపించదు కాబట్టి దాన్ని విడిగా చదవాలి. అఫినిటీ కాల్‌కు సంబంధించి మరొక చిన్న ఉచ్చు ఉంది. సీ లైబ్రరీ మామూలుగా ఇచ్చే ప్రాసెసర్ల సముదాయం 1024 స్థానాలకే సరిపోతుంది. అంతకంటే పెద్ద యంత్రంలో కాల్ విఫలమైతే, పెద్ద బఫర్‌తో మళ్లీ అడగాలే తప్ప ప్రాసెసర్ ఒక్కటే ఉందని తీర్మానించకూడదు. విండోస్‌లో ఇదే తరహా హద్దు 64 దగ్గర ఉంది. అంతకు మించితే ప్రాసెసర్లు గ్రూపులుగా విడిపోతాయి, పాత ఫంక్షన్ ఒక గ్రూపు వరకే చెబుతుంది. విండోస్ 7 నుంచి ఉన్న కొత్త ఫంక్షన్‌ను పిలవాలి.

సరిచూసే పద్ధతి

ఇక అసలు విషయం. ప్రతి వస్తువును, అంటే త్రెడ్, కోర్, క్యాష్, నోడ్, ప్యాకేజీ ఏదైనా సరే, దాని కింద ఉన్న ప్రాసెసర్ల సముదాయంగా రాసుకోండి. ఒక బిట్ మాస్క్, అంటే ప్రాసెసర్‌కు ఒక బిట్ చొప్పున ఉన్న సంఖ్య, చాలు. ఇప్పుడు ఏ రెండు వస్తువులను తీసుకున్నా వాటి మధ్య నాలుగు సంబంధాలే సాధ్యం. రెండూ సమానం కావచ్చు, ఒకటి మరొకదాని లోపల పూర్తిగా ఇమిడిపోవచ్చు, రెంటికీ ఉమ్మడి ఏమీ లేకపోవచ్చు. ఈ మూడూ చెట్టులో చక్కగా కూర్చుంటాయి. నాలుగోది, కొంత మాత్రమే కలిసి, కొంత రెండువైపులా బయట మిగలడం. చెట్టులో దీనికి చోటు లేదు, చాలా తప్పుడు వివరాలు ఇక్కడే పట్టుబడతాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. మొదటి నోడ్‌లో 0 నుంచి 7 వరకు, రెండో నోడ్‌లో 8 నుంచి 15 వరకు ప్రాసెసర్లు ఉన్నాయని పట్టిక చెప్పింది. ఎల్3 క్యాష్‌ల జాబితాలేమో 0 నుంచి 5, 6 నుంచి 11, 12 నుంచి 15 అని వచ్చాయి. రెండో క్యాష్‌లోని 6, 7 మొదటి నోడ్‌లోనూ 8 నుంచి 11 రెండో నోడ్‌లోనూ పడ్డాయి. పైగా రెండు క్యాష్‌లకు ఆరేసి, చివరిదానికి నాలుగు ప్రాసెసర్లు రావడం కూడా అనుమానాస్పదమే. ఇద్దరు సాక్షులలో ఒకరు తప్పు చెబుతున్నారని ఇక్కడ గట్టిగా చెప్పవచ్చు, ఎవరన్నది మాత్రం ఈ లెక్క చెప్పదు. హెచ్‌డబ్ల్యూలాక్ వాడేవారు అప్పుడప్పుడు చూసే పొడవైన హెచ్చరిక, ఒక వస్తువు మరొకదానితో ఇమడకుండా ఖండించుకుంటోందని చెప్పేది, సరిగ్గా ఈ సందర్భంలో వచ్చేదే.

దీనికి తోడుగా మరికొన్ని చిన్న పరీక్షలు పెట్టుకోవాలి. పంచుకోవడం ఇరువైపులా ఉండాలి: 3వ ప్రాసెసర్ తన క్యాష్‌ను 7తో పంచుకుంటున్నానంటే, 7 కూడా అదే మాట అనాలి. ప్రతి ప్రాసెసర్ సరిగ్గా ఒకే ప్యాకేజీలో ఉండాలి. క్యాష్ పరిమాణం, లైన్ (క్యాష్ ఒకేసారి తెచ్చే మెమరీ ముక్క) పరిమాణం సున్నాగా వస్తే వాటిని తెలియనివిగా గుర్తుపెట్టుకోవాలి. లైన్ పరిమాణంతో భాగించే కోడ్ ఆ సున్నాకు ఎక్కడో దూరంగా కుప్పకూలడం అరుదేమీ కాదు. మెమరీ నోడ్ల మొత్తం యంత్రంలోని మెమరీకి దరిదాపుల్లో ఉండాలి.

అయితే పరీక్ష కూడా ఒక ఊహేనని మరవకూడదు. ఒక క్యాష్‌ను పంచుకునే ప్రాసెసర్లన్నీ ఒకే నోడ్‌లో ఉంటాయని లినక్స్ చాలాకాలం నమ్మింది. అలా లేకపోతే హెచ్చరిక రాసి ఆ సంబంధాన్ని పట్టించుకోనని చెప్పేది. ఆ తర్వాత ఒకే ప్యాకేజీని రెండు నోడ్లుగా చీల్చే సర్వర్ చిప్‌లు వచ్చాయి. స్కైలేక్ సర్వర్ చిప్‌లో ఆ విభజనను ఆన్ చేస్తే చిట్టచివరి క్యాష్ మాత్రం రెండు నోడ్లకూ ఉమ్మడిగా కనిపిస్తుంది. అది తప్పు కాదు, కొత్త నిజం. కెర్నెల్‌లో ఆ చిప్‌లకు మినహాయింపు రాయవలసి వచ్చింది. హెచ్‌డబ్ల్యూలాక్ కూడా 2018లో వచ్చిన 2.0 సంచికలో మెమరీ నోడ్లను చెట్టు కాండం నుంచి తీసి పక్క కొమ్మలుగా తగిలించింది. ప్రాసెసర్లే లేని మెమరీ నోడ్లు, మెమరీయే లేని ప్రాసెసర్ నోడ్లు కూడా నిజంగా ఉన్నాయి. కాబట్టి మీ పరీక్షలను అసాధ్యం, అసాధారణం అని రెండు రకాలుగా విడదీసి, మొదటిదానికి మాత్రమే వివరాన్ని తిరస్కరించండి. రెండోదానికి ఒక గమనిక రాసుకుంటే చాలు.

వైరుధ్యం దొరికాక

మొదటి నియమం, ప్రోగ్రామ్ ఆగకూడదు. బొమ్మ గీయడంలో చిక్కు వచ్చిందని రోజులపాటు నడవవలసిన గణనను ఆపడం ఎవరికీ ఉపకరించదు. రెండో నియమం, మొత్తం చిత్రాన్ని చింపేయకూడదు. పొసగని వస్తువునొక్కదాన్ని తీసేసి మిగిలినదాన్ని ఉంచుకోవాలి. పై ఉదాహరణలో ఎల్3 క్యాష్‌లను వదిలేస్తే నోడ్లు, కోర్లు, త్రెడ్లు నిలుస్తాయి. ప్రోగ్రామ్ కొంచెం తక్కువ తెలివితో, కానీ తప్పుదారి పట్టకుండా పని చేస్తుంది. ఒక్క క్యాష్ మాత్రమే పొసగకపోయినా ఆ స్థాయి క్యాష్‌లన్నిటినీ వదిలేయడం నాకు నచ్చే పద్ధతి. ఒకే మూలం నుంచి వచ్చిన మూడు జవాబుల్లో ఒకటి తప్పయితే మిగిలిన రెండూ అనుమానించవలసినవే.

ఎవరిని వదలాలి అన్నప్పుడు మూలాలకు ఒక క్రమం పెట్టుకోవాలి. వినియోగదారు తెలిసి ఇచ్చిన వివరానికి మొదటి స్థానం. తర్వాత కెర్నెల్, ఎందుకంటే ప్రత్యేక చిప్‌ల లోపాలను అది సరిదిద్ది ఉండవచ్చు, ఆపివేసిన ప్రాసెసర్లు కూడా దానికి తెలుసు. ఆ తర్వాత సీపీయూఐడీ. అయితే చిప్ కొత్తది, కెర్నెల్ పాతది అయినప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది. అందుకే క్రమాన్ని మార్చుకునే వీలు ఉండాలి. హెచ్‌డబ్ల్యూలాక్‌లో కాంపొనెంట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో ఎక్స్86 మూలాన్ని ముందుకు తేవచ్చు.

హెచ్చరిక రాసే తీరు మీద శ్రద్ధ పెట్టండి. ఏ రెండు వస్తువులు ఖండించుకున్నాయి, వాటి ప్రాసెసర్ల సముదాయాలు ఏవి, ఏది ఏ మూలం నుంచి వచ్చింది, దేన్ని వదిలేశాము, కెర్నెల్, బయోస్ సంచికలు ఏవి అనేవి ఒకేచోట ఉండాలి. ఆ సందేశం ఒక్కసారే రావాలి. వెయ్యి ప్రాసెస్‌లతో నడిచే సమాంతర పనిలో ఒక్కొక్కటీ అదే హెచ్చరికను ముద్రిస్తే అసలు ఫలితం దాని కింద సమాధి అవుతుంది. యంత్రానికి ఒక ప్రాసెస్ మాత్రమే అమరికను కనుగొని, ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా రాసి మిగిలినవాటికి అందిస్తే ఈ గోలా తగ్గుతుంది, ప్రారంభ సమయమూ తగ్గుతుంది. హెచ్చరికను అణచే మార్గమూ ఉండాలి, కానీ అది అలవాటుగా మారకూడదు.

నిజం ఎవరి వైపు ఉందో కొలిచి తేల్చడం

సాక్షులు తేల్చనిదాన్ని గడియారం తేలుస్తుంది. రెండు త్రెడ్లను రెండు ప్రాసెసర్లకు కట్టి, ఒకే క్యాష్ లైన్‌లోని ఒక వేరియబుల్‌ను బంతిలా అటూ ఇటూ మార్పించండి. ఒక రాకపోకకు పట్టే సమయాన్ని ప్రతి జతకూ కొలిచి గడుల పట్టిక గీస్తే, ఒకే కోర్‌లోని జంట త్రెడ్లు, ఒకే ఎల్3 కింద ఉన్నవి, సాకెట్ దాటినవి వేర్వేరు గుంపులుగా కంటికే కనిపిస్తాయి. పై ఉదాహరణలో 6వ ప్రాసెసర్ నుంచి 5కూ 8కీ మధ్య సమయాలను పోలిస్తే చాలు, క్యాష్ జాబితా నిజమో నోడ్ జాబితా నిజమో తేలడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

మెమరీ విషయంలో ఎల్3 కంటే చాలా పెద్ద భాగాన్ని ఒక నోడ్‌లో కేటాయించి, చిరునామాలను గొలుసుకట్టుగా చదివే పరీక్షను ఒక్కో నోడ్ నుంచి నడపాలి. కార్డు ఏ నోడ్ వైపు ఉందో తెలియాలంటే డేటా బదిలీ పరీక్షను ఒక్కో నోడ్‌కు కట్టి చూడాలి. యంత్రం వేరే పనిలో లేనప్పుడే కొలవండి. చిప్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి మొదటి కొలతలను వదిలేసి, చాలాసార్లు కొలిచి, సగటు కాక మధ్యస్థాన్ని తీసుకోండి. ఈ కొలతలను ప్రతిసారీ ప్రోగ్రామ్ ప్రారంభంలో నడపాలన్న ఆలోచన ఆకర్షణీయంగా ఉంటుంది కానీ నేను దాన్ని సిఫారసు చేయను. ప్రాసెసర్ల జతలు వర్గంలా పెరుగుతాయి, పక్కన నడిచే మరొక పని కొలతను చెడగొడుతుంది. అనుమానం వచ్చినప్పుడు తీర్పు చెప్పడానికే కొలత.

సరిదిద్దడం

తప్పు ఎక్కడుందో తేలాక, దాన్ని అక్కడే సరిదిద్దడం ఉత్తమం. ముందు బయోస్ అప్‌డేట్, తర్వాత కెర్నెల్ అప్‌డేట్ ప్రయత్నించండి. డీమెసెజ్ కమాండ్ చూపే కెర్నెల్ లాగ్‌లో ఫర్మ్‌వేర్ బగ్ అనే గుర్తుతో మొదలయ్యే వరుసలు ఉన్నాయేమో వెతికి, వాటిని యంత్రం అమ్మినవారికి పంపండి. బయోస్‌లో నోడ్ల విభజనకు సంబంధించిన సెట్టింగ్‌ను ఎవరో మార్చి ఉండవచ్చు కాబట్టి దాన్నీ చూడండి. ఏఎమ్‌డీ ఎపిక్ సర్వర్లలో సాకెట్‌కు ఎన్ని నోడ్లు ఉండాలో అక్కడే నిర్ణయిస్తారు.

అప్‌డేట్ రాకపోతే తాత్కాలిక మార్గాలు ఉన్నాయి. పీసీఐ కార్డు న్యూమా నోడ్ ఫైలులోకి రూట్ హోదాతో సరైన సంఖ్యను రాయవచ్చు. కెర్నెల్ దాన్ని అంగీకరిస్తుంది కానీ ఫర్మ్‌వేర్ లోపాన్ని దాటవేసినట్టు తనపై ఒక మచ్చ గుర్తు వేసుకొని, తయారీదారును సంప్రదించమని లాగ్‌లో రాస్తుంది. ఏసీపీఐ పట్టికనే మార్చాలంటే ఏసీపీఐ డంప్‌తో తీసి, ఐఏఎస్‌ఎల్‌తో విప్పి, సరిచేసి, సంచిక సంఖ్యను పెంచి, ఇనిట్ఆర్‌డీ (యంత్రం లేచేటప్పుడు కెర్నెల్‌తోపాటు లోడ్ అయ్యే ఫైలు) ముందు భాగంలో చేర్చే వీలు ఉంది. చేయి తిరిగినవారు తప్ప ఇతరులు దీని జోలికి పోకపోవడం మంచిది. మెమరీ హద్దు ఒకటి తప్పితే యంత్రం లేవదు.

ప్రోగ్రామ్ స్థాయిలో సులువైన మార్గం ఎక్స్‌ఎమ్‌ఎల్. ఎల్‌ఎస్‌టోపోతో అమరికను ఫైలుగా రాయించి, తప్పును చేత్తో దిద్ది, ఆ ఫైలునే చదవమని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా చెప్పవచ్చు. ఇది నిజంగా ఈ యంత్రానిదేనని మరొక వేరియబుల్‌తో చెప్పకపోతే లైబ్రరీ త్రెడ్లను ఎక్కడా కట్టదు, ఎందుకంటే ఫైలు వేరే యంత్రానిది కావచ్చని దాని జాగ్రత్త. ఇలా దిద్దిన ఫైలు తన కాలం తీరాక కూడా బతికి ఉండటమే దీనిలోని ప్రమాదం. బయోస్ అప్‌డేట్‌తో ప్రాసెసర్ల సంఖ్యలు మారిపోయాక పాత దిద్దుబాటు కొత్త తప్పు అవుతుంది. అందుచేత ఫైలుతోపాటు బయోస్, కెర్నెల్ సంచికలను నమోదు చేసి, చదివేటప్పుడు పోల్చి, ప్రాసెసర్ల సముదాయం సరిపోకపోతే ఫైలును తిరస్కరించేలా కోడ్ రాయాలి.

తప్పుడు యంత్రాలను భద్రపరచడం

ఇలాంటి తప్పులున్న యంత్రం మీ బల్ల మీద ఎప్పుడూ ఉండదు. కాబట్టి ఒకసారి దొరికినప్పుడు దాని మాటలను దాచుకోండి. హెచ్‌డబ్ల్యూలాక్‌లోని గ్యాదర్ టోపాలజీ సాధనం సిస్, ప్రాక్ ఫైళ్లను ఒక కట్టగా కట్టి ఇస్తుంది. గ్యాదర్ సీపీయూఐడీ అనేది చిప్ జవాబులను అలాగే నిల్వ చేస్తుంది. మీ కోడ్ ఫైళ్లను ఎక్కడి నుంచి చదవాలో ఒక మూల ఫోల్డర్ ద్వారా నిర్ణయించేలా రాస్తే, ఆ కట్టలను విప్పి వేరే యంత్రం మీదే పరీక్ష నడపవచ్చు. అలా ఒక్కొక్కటిగా పోగుచేసిన కట్టలలో ఖాళీలున్న సంఖ్యలు, మెమరీ లేని నోడ్లు, పెద్ద చిన్న కోర్లు, క్యాష్ ఫోల్డరే లేని వర్చువల్ యంత్రం, ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రం తప్పకుండా ఉండాలి. ప్రతి కట్టకూ ఆశించే చిత్రాన్ని, రావలసిన హెచ్చరికల సంఖ్యను పక్కనే రాసిపెట్టండి. సరైన యంత్రానికి హెచ్చరిక వచ్చినా, తప్పుడు యంత్రానికి హెచ్చరిక రాకపోయినా పరీక్ష విఫలమైనట్టే లెక్క.